సైప్రస్‌లో ఆరు రోజులు, ప్రతిదానికీ రెండు పేర్లు

2025 అక్టోబర్ 11, శనివారం, లార్నకా

చేమదుంపల దగ్గరే మొదలుపెడతాను, సైప్రస్‌లో మేం తిన్న మొదటి భోజనం అదే కాబట్టి. లార్నకాలో సెయింట్ లాజరస్ చర్చి వెనక సందులో ఒక పెద్దావిడ నడిపే చిన్న హోటల్ ఉంది. మా చెల్లెలు మాంసం తినదు. ఆ మాట చెప్పగానే ఆవిడ మెనూ కార్డు పక్కన పెట్టేసి, మమ్మల్ని వంటింట్లోకి పిలుచుకుపోయి ఒక్కో గిన్నె మూత తీసి చూపించింది. ఒక దాంట్లో ఆలివ్ నూనె, నిమ్మరసం పిండిన బొబ్బర్లు. ఇంకో దాంట్లో టమాటా పులుసులో ఉడుకుతున్న చేమదుంపలు! "కొలొకాసి" అంది ఆవిడ. "చేమదుంప" అన్నాను నేను. ఆ మాటని రెండుసార్లు నోట్లో తిప్పుకుని నవ్వింది.

తర్వాత బుట్టలోంచి పచ్చి దుంప ఒకటి తీసింది. మన దుంప కాదు, రెండు చేతులతో పట్టుకోవాల్సినంత ఉంది. చెక్కు తీశాక కడగకూడదట, గుడ్డతో తుడవాలట. కత్తిని కాస్త లోపలికి దించి, మణికట్టు తిప్పి టక్కుమని ముక్కని విరవాలి తప్ప కోయకూడదు, కోస్తే జిగురు వదిలి పులుసంతా సాగుతుందట. మా అమ్మ అయితే ముందు ఉడకబెట్టి తర్వాత తొక్క ఒలుస్తుంది. ఇంత దూరం వచ్చి వంటింట్లో నిలబడి చేమదుంప గురించి మాట్లాడుకుంటుంటే నాకైతే ప్రాణం లేచొచ్చింది. ఇద్దరికీ రొట్టె, ఆలివ్ పళ్లతో కలిపి 23 యూరోలు, అంటే మన డబ్బుల్లో రెండు వేల మూడు వందల పైమాటే. ఆ పెట్టిన తీరుకి ఎక్కువనిపించలేదు.

విమానంలో చెల్లెలు ఒక ప్రశ్న వేసింది, ఇది ఆసియానా యూరపా అని. మ్యాప్ చూస్తే టర్కీ తీరం ఉత్తరాన 70 కిలోమీటర్లే, సిరియా తూర్పున వంద, గ్రీసు రాజధాని ఏథెన్స్ మాత్రం ఎనిమిది వందలకి పైనే. ఐక్యరాజ్యసమితి లెక్కల్లో పశ్చిమాసియా. 2004 నుంచి యూరోపియన్ యూనియన్‌లో సభ్యదేశం, 2008 నుంచి యూరోలే చెలామణి. కార్లు ఎడమ పక్కన నడుస్తాయి, ప్లగ్గులకి మూడు పిన్నులు, అవి బ్రిటిష్ వాళ్లు వదిలిపోయినవి. హోటలావిడని అడిగితే "మేం యూరప్" అని ఠక్కున చెప్పి, మళ్లీ కిటికీలోంచి సముద్రం వైపు చెయ్యి చూపించి "బీరూట్ అదిగో, అక్కడే" అంది.

అక్టోబర్ 12, ఆదివారం, లార్నకా

మేం సైప్రస్ రావడానికి అసలు కారణం మా నాన్న. గిద్దలూరు నుంచి 1959లో సైన్యంలో చేరాడు. అప్పుడు సైన్యాధిపతి జనరల్ తిమ్మయ్య. ఆ కొడగు వీరుడి పేరు మా ఇంట్లో దేవుడి పేరులాగా వినపడేది. రిటైరయ్యాక తిమ్మయ్యగారు ఐక్యరాజ్యసమితి శాంతిసేనకి అధిపతిగా 1964లో సైప్రస్ వెళ్లారు, 1965 డిసెంబర్ 18న ఉద్యోగంలో ఉండగానే అక్కడే గుండెపోటుతో పోయారు. "ఆయన పేరు మీద అక్కడ రోడ్డుంది, ఎప్పుడైనా చూడండే" అని నాన్న అంటుండేవాడు. నాన్న పోయి మూడేళ్లయింది.

ఆ రోడ్డు దొరకడానికి పొద్దుటంతా పట్టింది. ఫోన్ మ్యాప్‌లో తిమ్మయ్య అని ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా కొట్టినా రాలేదు. టాక్సీ ఆయనకి చెబితే అర్థం కాక ఉప్పు సరస్సు వైపు తీసుకెళ్లి దింపాడు, తొమ్మిది యూరోలు. సరస్సు ఎండిపోయి తెల్లగా ఉంది, గట్టున హాలా సుల్తాన్ మసీదు, చుట్టూ ఖర్జూరపు చెట్లు. ఫ్లెమింగోలు చలికాలం వస్తాయట, మాకు కనపడలేదు. అక్కణ్ణుంచి నడిచి నడిచి ఊళ్లోకొచ్చి, టైర్ల షాపులూ ఫర్నిచర్ షాపులూ ఉన్న పెద్ద రోడ్డు మీద తెరిచి ఉన్న ఒకే ఒక్క మందుల షాపులో అడిగాను. లోపలున్న ముసలాయన "జనరల్... ఇండియా..." అని కాసేపు ఆలోచించి, ఒక్కసారిగా "తిమాయా! స్ట్రాటిగు తిమాయా!" అన్నాడు. స్ట్రాటిగు అంటే జనరల్. వేలు కిందికి చూపించాడు. మేం నిలబడి ఉన్నది ఆ రోడ్డు మీదే.

బయటికొచ్చి చూస్తే మూల మీద బోర్డు, గ్రీకు అక్షరాల్లో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి. వాళ్ల నోటికి తగ్గట్టు పేరు మారిపోయింది, తిమ్మయ్య తిమాయా అయ్యాడు, అందుకే మ్యాప్‌కి దొరకలేదు. చెల్లెలు బోర్డు కింద నిలబడి ఏడ్చేసింది. పక్కన బేకరీలోంచి ఒకావిడ గాజుగ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది, ఎందుకని ఒక్క ముక్క అడగలేదు. నీళ్లయ్యాక ఆలివ్ పళ్లు పెట్టి కాల్చిన రొట్టె చేతిలో పెట్టింది, డబ్బులిస్తే తీసుకోలేదు.

తిమ్మయ్యగారు ఎందుకు రావాల్సి వచ్చిందో కాస్త చెప్పాలి. 1960లో బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోతూ ఒప్పందం ప్రకారం ఒక రాజ్యాంగం పెట్టారు. అధ్యక్షుడు గ్రీకు సైప్రస్ వాడు, ఉపాధ్యక్షుడు టర్కీ సైప్రస్ వాడు, సర్కారు ఉద్యోగాలు 70:30. మొదటి అధ్యక్షుడు ఆర్చిబిషప్ మకారియోస్, ఢిల్లీలో ఆయన పేరుతో కూడా రోడ్డుంది. మూడేళ్లకే ఆ ఏర్పాటు చెడి, 1963 డిసెంబర్‌లో రెండు వర్గాలూ కొట్టుకున్నాయి. ఒక బ్రిటిష్ అధికారి రాజధాని నికోసియా మ్యాప్ మీద ఆకుపచ్చ పెన్సిల్‌తో గీత గీసి ఇటు మీరు, అటు మీరు అన్నాడు. గ్రీన్ లైన్ అనే పేరు ఆ పెన్సిల్ రంగువల్లే వచ్చింది. 1964 మార్చిలో శాంతిసేన దిగింది. మొదటి కమాండర్ మన జ్ఞానీ, తర్వాత తిమ్మయ్య, 1974 యుద్ధం నాటికి మన ప్రేమ్‌చంద్. ముగ్గురు భారత సేనానులు కాపలా కాసిన గీత అది. శాంతిసేన ఇప్పటికీ అక్కడే ఉంది.

అక్టోబర్ 13, సోమవారం, నికోసియా

బసలో దిగగానే నేను చేసిన మొదటి పొరపాటు "బార్డర్ ఎంత దూరం?" అని అడగడం. ఇల్లు నడిపే ఆవిడకి అరవై రెండేళ్లు, మొహం మాడ్చుకుంది. "బార్డర్ దేశానికీ దేశానికీ ఉంటుంది. ఇది ఒడోఫ్రాగ్మా" అంది. అంటే రోడ్డుకి అడ్డం పెట్టిన కట్ట. కోపం మా మీద కాదని తర్వాత తెలిసింది. కాఫీ తెచ్చి ఎదురుగా కూర్చుని, మేం అడక్కుండానే చెప్పుకొచ్చింది. వాళ్లది ఉత్తర తీరంలోని కిరీనియా. 1974 జూలై 15న గ్రీసు సైనిక పాలకులు ఇక్కడ మకారియోస్ మీద కుట్ర చేయించారు, అయిదు రోజులకి టర్కీ సైన్యం దిగి ద్వీపం ఉత్తర భాగాన్ని పట్టుకుంది. అప్పుడు ఆవిడకి పదకొండేళ్లు. స్కూలు బ్యాగు మంచం కింద పెట్టి, రెండ్రోజుల్లో వచ్చేస్తాం కదా అని బయల్దేరారు.

2003 ఏప్రిల్‌లో మొదటిసారి గ్రీన్ లైన్ మీద గేట్లు తెరిచారు, జనం వేలల్లో వెళ్లి తమ ఇళ్లు చూసుకొచ్చారు. ఈవిడ వెళ్లలేదు, ఇప్పటికీ వెళ్లలేదు. కిరీనియా అక్కణ్ణుంచి కారులో అరగంట దూరం. "నా ఇంటికి నేను పోవడానికి నా కార్డు వాళ్లకెందుకు చూపించాలి?" అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆవిడ మేడ మీద నుంచి చూస్తే ఉత్తరాన కొండల వరస. నునుపైన గోడలా ఉండి ఒకచోట మాత్రం పిడికిలి విప్పినట్టు అయిదు శిఖరాలు. గ్రీకులో పెంటడాక్టిలోస్, అయిదు వేళ్లు అని అర్థం. ఆ కొండ వాలు మీద ఇక్కడి నుంచి కనపడేట్టుగా బ్రహ్మాండమైన ఉత్తర సైప్రస్ జెండా వేసి ఉంది, చీకటి పడగానే దీపాలతో వెలుగుతుంది. ఆవిడ కుర్చీ కొండకి వీపు చేసి వేసుకుంటుంది. అదే మనిషి రాత్రి అన్నం దగ్గర ఇంకో సంగతి చెప్పింది. 1970ల చివర్లో ఇటు మేయర్ లెల్లోస్ డిమిట్రియాడిస్, అటు మేయర్ ముస్తఫా అకిన్‌జి కూర్చుని ఊరి మురుగునీటి పైపులు కలిపేశారట. గీత పైన సైనికులు తుపాకులతో నిలబడి ఉంటే కింద మురుగు మాత్రం అప్పటి నుంచీ కలిసే పారుతోంది. "జూన్‌లో మీ ప్రధాని వచ్చి ఈ గీత చూసి వెళ్లాడు" అని కూడా అంది.

రాత్రి వీధిలో మేం తెలుగులో మాట్లాడుకుంటుంటే స్కూటర్ మీద ఫుడ్ డెలివరీ అబ్బాయి ఆగాడు. కరీంనగర్ వైపు పిల్లాడు, చదువుకోడానికి వచ్చి రాత్రిళ్లు పని చేసుకుంటున్నాడు. రెండేళ్లయినా గీత దాటలేదట. "అటు దిక్కు పోలేదక్కా, వీసాకేమన్నయితే మళ్లా లొల్లి" అన్నాడు. కారప్పొడి ఏ షాపులో దొరుకుతుందో చెప్పి, ఆర్డర్ చల్లారిపోతుందని వెళ్లిపోయాడు.

అక్టోబర్ 14, మంగళవారం, లెడ్రా వీధి, అవతల

లెడ్రా వీధిలో బట్టల షాపులు, ఐస్‌క్రీం, జనం, మధ్యలో ఉన్నట్టుండి ఒక చిన్న పోలీసు గది. పాస్‌పోర్ట్ చూపించి దాటితే వంద మీటర్లు కూడా లేని నిర్మానుష్యమైన దారి. రెండు పక్కలా కూలిన మేడలకి ఇసుక బస్తాలు, రేకులు, మొలిచిన పిచ్చిమొక్కలు. ఆ తర్వాత ఇంకో గది, అక్కడ పాస్‌పోర్ట్ చూసి కంప్యూటర్లో ఎక్కించుకున్నారు, ముద్ర వేయలేదు. 2008 ఏప్రిల్ దాకా ఈ దారి మూసే ఉంది. ఇటు లెడ్రా అన్న దారికి అటు వాళ్ల పేరు లోక్మాజి. లోక్మా అంటే పిండి ఉండల్ని నూనెలో వేయించి పాకంలో ముంచిన మిఠాయి. ఇటువైపు కూడా అదే తింటారు, పేరు లుకుమాదెస్.

నాలుగడుగులు వేయగానే ఫోన్‌కి టర్కీ పేరుతో మెసేజ్ వచ్చింది. రోమింగ్ ఆపడం మర్చిపోయిన చెల్లెలికి ఆ ఒక్క రోజుకే పదహారు వందలు పడింది. వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోండి, యూరప్ ప్యాక్ అటువైపు పనిచేయకపోవచ్చు.

1572లో ఒట్టోమన్లు కట్టిన బుయుక్ హాన్ అనే రాతి సత్రంలో కాఫీ తాగాం. చిన్న ఇత్తడి గిన్నెలో పొడి, పంచదార, నీళ్లు కలిపి ఒకేసారి కాచి, నురగ విరగకుండా కప్పులోకి వంచుతారు, అడుగున మడ్డి దిగేదాకా ఆగి తాగాలి. పొద్దున బసలో ఆవిడ చేసింది అచ్చం ఇదే, పక్కన చల్లటి నీళ్ల గ్లాసు కూడా అదే. 1974కి ముందు ద్వీపమంతా దీన్ని టర్కీ కాఫీ అనేవాళ్లట. తర్వాత దక్షిణాన ఆ పేరు నోటికి రాక సైప్రస్ కాఫీ అన్నారు, గ్రీకు కాఫీ అన్నారు. దక్షిణాన అడిగేటప్పుడు కాస్త తీపికి మెట్రియో, ఉత్తరాన ఓర్తా. దక్షిణాన మూడు యూరోలు, ఉత్తరాన 110 టర్కీ లీరాలు, అంటే రెండు యూరోల పైచిల్లర.

కాఫీ కొట్టాయన లిమసోల్‌లో పుట్టాడు, ఊరు దక్షిణ తీరంలో ఉంది. 1975లో అమ్మానాన్నలతో ఉత్తరానికి వచ్చేశాడు. నేను 1974 అనగానే చెయ్యి అడ్డంగా ఊపాడు. "మాకు మొదలైంది అప్పుడు కాదు, 1963లో" అన్నాడు. వాళ్ల మేనమామ 1964లో పనికి వెళ్లి తిరిగి రాలేదు. నలభై ఏళ్లు దాటాక ఎముకలు దొరికాయి. తప్పిపోయినవాళ్ల కోసం రెండు వర్గాల శాస్త్రవేత్తలూ కలిసి పనిచేసే కమిటీ ఒకటుంది, దాని జాబితాలో 2,002 పేర్లు, అందులో 1,510 మంది గ్రీకులు, 492 మంది టర్కులు. వెయ్యి మందికి పైగా ఎముకల్ని గుర్తుపట్టి ఇళ్లవాళ్లకి అప్పగించారు. ఆయన కప్పులు తుడుస్తూనే ఇదంతా చెప్పాడు. నిన్నటిదాకా నా మనసులో ఈ కథకి ఒకటే మొదలు ఉండేది. ఆ కొట్లో కూర్చున్నాక రెండయ్యాయి, ఏ ఒక్కదాన్నీ కొట్టేయలేను.

జేబులోంచి రెండు కార్డులు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి 1983లో ప్రకటించుకున్న ఉత్తర సైప్రస్ టర్కిష్ రిపబ్లిక్‌ది, దాన్ని టర్కీ తప్ప ఎవరూ గుర్తించలేదు. రెండోది సైప్రస్ రిపబ్లిక్‌ది. "దీంతో నేను యూరోపియన్ యూనియన్ పౌరుణ్ణి. కానీ నేను నిలబడ్డ ఈ చోట ఆ చట్టాలు నడవవు" అన్నాడు. చట్టం ప్రకారం ద్వీపమంతా యూనియన్‌లోనే ఉంది, ఉత్తరాన మాత్రం అమలు ఆపి ఉంచారు. 2004లో ఐక్యరాజ్యసమితి పథకం మీద రెండు వైపులా ఓటింగ్ పెడితే ఉత్తరాన 65 శాతం కలుద్దాం అన్నారు, దక్షిణాన 76 శాతం ఆ పథకం వద్దన్నారు. ఆ తర్వాత వారానికే సైప్రస్ రిపబ్లిక్ యూనియన్‌లో చేరిపోయింది.

తిరిగి వస్తూ మూడొందల లీరాలకి హెల్లిం కొన్నాను, పెనం మీద కాల్చినా కరగని జున్నుముద్ద, పుదీనా ఆకు మడిచి పెట్టి ఉంటుంది. ఇటువైపు గదిలో ఆపేశారు. ఉత్తరం నుంచి పాలతో చేసినవి తేకూడదట. 2021లో యూరోపియన్ యూనియన్ ఈ జున్నుకి హలూమి, హెల్లిం అని రెండు పేర్లూ కలిపి ఒకే గుర్తింపు ఇచ్చింది, అయినా ఆ ముద్ద వంద మీటర్లు దాటలేకపోయింది. వెనక్కి నడిచి కాఫీ కొట్టాయనకే ఇచ్చి వచ్చాను. "పొద్దునొచ్చి ఇక్కడే తినండి" అన్నాడు.

అక్టోబర్ 15, బుధవారం, ఫామగుస్తా

పొద్దున్నే మళ్లీ దాటి, ఆయన కాల్చి పెట్టిన హెల్లిం పుచ్చకాయ ముక్కలతో తిని మినీబస్సు ఎక్కాం. ఫామగుస్తాలో పాత సెయింట్ నికొలస్ చర్చి ఇప్పుడు లాలా ముస్తఫా పాషా మసీదు. దాని ముందున్న చెట్టు మన మేడి జాతిదే, కాండానికే కాయలు. వందల ఏళ్లదట. దాని కింద కూర్చున్న ముసలివాళ్లు మాకు చోటిచ్చి జరిగారు.

వరోషా గురించి ఏం రాయాలో తెలియడం లేదు. 1974 ఆగస్టులో గ్రీకు సైప్రస్ జనం వదిలి పారిపోయిన పేట, హోటళ్లూ సముద్రమూ ఉన్న ధనవంతుల పేట, 46 ఏళ్లు కంచె వేసి ఉంచారు. 2020 అక్టోబర్‌లో కొన్ని వీధులు మాత్రం తెరిచారు. కొత్త తారు, సైకిళ్లు అద్దెకిచ్చే షాపు, తాళ్లు దాటి ఇళ్లలోకి వెళ్లకూడదు. ఒక ఇంటి పెరట్లో కాగితం పూల తీగ డాబా మీదకి ఎక్కి రెండో అంతస్తు కిటికీలోంచి లోపలికి వెళ్లిపోయి ఉంది. గుమ్మం పక్కన గోడకి ఊడిపోకుండా కాలింగ్ బెల్. దాని కింద చిన్న పలక మీద గ్రీకు అక్షరాలతో ఇంటివాళ్ల పేరు. నేను అది ఫొటో తీయలేదు. ఆ పేరుగలవాళ్లు ఎక్కడో ఉన్నారు, వాళ్ల గుమ్మం ముందు జనం ఐస్‌క్రీం తింటూ సైకిళ్ల మీద తిరుగుతున్నారు. ఇది సబబు కాదని నాకు గట్టిగా అనిపించింది. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1984లోనే చెప్పింది, ఆ పేటలో దాని సొంత జనం తప్ప వేరేవాళ్లు స్థిరపడకూడదని.

ఊళ్లోకొచ్చి అమ్మకి పోస్ట్‌కార్డు రాశాను. ఉత్తర సైప్రస్ పేరుతో ఉత్తరాలు ప్రపంచంలో నడవవు కాబట్టి ఇక్కడి చిరునామాల చివర "మెర్సిన్ 10, టర్కీ" అని రాస్తారు. ఒక ద్వీపంలో ఉత్తరాది ఊళ్లకి పోస్టులో వేరే దేశపు ఊరి పేరు.

అక్టోబర్ 16, గురువారం, పీలా, లార్నకా

చివరి రోజు పీలా వెళ్లాం, గ్రీన్ లైన్ మీద ఐక్యరాజ్యసమితి కాపలా కాసే మధ్య ప్రాంతంలో రెండు వర్గాలూ ఇప్పటికీ కలిసి ఉంటున్న ఊరు. చౌరస్తాలో ఒక పక్క గ్రీకుల కాఫీ కొట్టు, ఎదురుగా టర్కులది, పైన శాంతిసేన కాపలా గది. గ్రీకు కొట్టు ముందు నుంచి వెళ్తుంటే పేకాట ఆడుతున్న నలుగురూ "కొపియాస్తే" అని పిలిచారు, మనం గుమ్మంలో కనపడ్డవాళ్లని "రండి, భోంచేద్దురు గాని" అన్నట్టు. అవతల కొట్లో "బుయురున్" అన్నారు. రెండు చోట్లా కాఫీ తాగాం, తాగకపోతే బాగుండదు.

పీలా దాటగానే ధెకీలియా, బ్రిటిష్ సైనిక స్థావరం. స్వాతంత్ర్యం ఇచ్చినప్పుడు అక్రొతిరి, ధెకీలియా అని రెండు ముక్కలు బ్రిటన్ తనకే అట్టిపెట్టుకుంది, 254 చదరపు కిలోమీటర్లు. అవి అద్దెకి తీసుకున్నవి కావు, బ్రిటన్ సొంత భూభాగం. ఆ స్థావరం మధ్యలో మళ్లీ రెండు ఊళ్లు, ఒక విద్యుత్ కేంద్రం సైప్రస్ రిపబ్లిక్‌వి. 9,251 చదరపు కిలోమీటర్ల ద్వీపం, అంటే ఉమ్మడి కరీంనగర్ జిల్లా కంటే చిన్నది. దాంట్లో నాలుగు రకాల అధికారాలు.

లార్నకా పోస్టాఫీసులో అమ్మకి రెండో కార్డు వేశాను. అసలు స్టాంపు పక్కన రెండు సెంట్ల చిన్న స్టాంపు కూడా అంటించాలన్నారు, శరణార్థుల నిధికి. దాని మీద ముళ్లకంచె పక్కన కూర్చున్న పిల్ల బొమ్మ. కిరీనియా ఆవిడ గుర్తొచ్చింది, మంచం కింద స్కూలు బ్యాగు.

ఇంటికొచ్చాక

మేం వచ్చిన వారంలోనే, అక్టోబర్ 19న, ఉత్తరాన అధ్యక్షుడి ఎన్నిక జరిగింది. రెండు వేర్వేరు దేశాలు కావాలన్న ఎర్సిన్ తతార్ ఓడిపోయాడు, కలిసి ఒక సమాఖ్యగా ఉండే దారి వెతుకుదాం అన్న తుఫాన్ ఎర్హుర్మన్ గెలిచాడు. కాఫీ కొట్టాయన ఆ రాత్రి నిద్రపోయి ఉండడని చెల్లెలు అంది. ఆ కొండ పేరు టర్కిష్‌లో ఏమిటని ఆయన్ని అడిగి రాసుకున్న కాగితం నా పర్సులో ఉంది. బెష్‌పర్మక్. అర్థం అయిదు వేళ్లే.

లార్నకాలో వేసిన కార్డు మొన్న గిద్దలూరు చేరింది, అమ్మ ఆ ముళ్లకంచె పిల్ల ఎవరే అని ఫోన్ చేసి అడిగింది. ఫామగుస్తాలో వేసింది ఇంకా రాలేదు. రోజూ పోస్ట్‌మాన్ వచ్చే వేళకి వరండాలో కూర్చుంటోందట.

"ఉత్తరం నుంచి ఉత్తరం ఇంకా రాలేదమ్మా" అంది నిన్న కూడా.